ఎంజీబీ కొనాలా, టీఆర్6 కొనాలా?

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవాళ్లకి ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజిన్ కొత్తగా అనిపించదు. గుంటూరులో మా ఇంటి పక్క షెడ్డులో చిన్నప్పుడు రోజూ చూసిన 1489 సీసీ అంబాసిడర్ ఇంజిను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను ఒకే ఇంటి బిడ్డలు. రెండూ బ్రిటన్‌లోని బీఎంసీ అనే కార్ల కంపెనీ బీ-సిరీస్ ఇంజిన్లే. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఎవరో బానెట్ తెరిచి నిలబెట్టిన ఎంజీబీని చూసి అక్కడే ఆగిపోయాను. ట్యాపెట్ కవరు, డిస్ట్రిబ్యూటరు, ఆయిల్ పోసే మూత, అన్నీ నాకు తెలిసినట్టే ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్లకి టాప్ తీసేసే రకం, 1971 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ కొన్నాను. తొమ్మిదేళ్లుగా దాని పని నేనే చేసుకుంటున్నాను.

దానికి పోటీగా నిలిచే స్పోర్ట్స్ కారు టీఆర్6ని చేసిన ట్రయంఫ్ కంపెనీకీ మన వైపు చుట్టరికం ఉంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు ట్రయంఫ్ హెరాల్డే. ఛాసిస్ (కింది ఇనుప చట్రం) వేరుగా, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ వేరుగా ఉండే బండి అది. టీఆర్6 కట్టుబడి కూడా అదే పద్ధతి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తుప్పు దగ్గరికి వచ్చేసరికి ఇదే అన్నిటికన్నా ముఖ్యమవుతుంది.

ఈ మధ్య లెస్టర్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఎంజీబీ తీసుకోనా, టీఆర్6 తీసుకోనా?" అని అడిగాడు. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ కూర్చి రాస్తున్నాను. టీఆర్6 నాది కాదు, నా స్నేహితుడిది. కానీ దాని కింద పడుకుని పనిచేసిన గంటలు నా బండి కింద గడిపినవాటికి పెద్దగా తీసిపోవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి పాత బండి కొంటూ, పని సొంతంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఎంజీబీ మంచిది. ఆరు సిలిండర్ల చప్పుడు, పికప్ కోసమే పాత బండి కావాలనుకునేవాళ్లు టీఆర్6 వైపు వెళ్లొచ్చు, కాకపోతే రిపేర్ల కోసం ఏటా కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఈ రెంటినీ వేరు చేసేది వేగం ఒక్కటే కాదు. బండి చెడిపోయిన రోజున ఎవరు బాగుచేస్తారన్నది అంతకన్నా పెద్ద తేడా.

పుట్టుపూర్వోత్తరాలు

ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1980 దాకా తయారైంది. టాప్ తీసేసే రోడ్‌స్టర్ ముందు వచ్చింది, గట్టి టాప్, వెనక పైకి తెరుచుకునే డోరు ఉన్న జీటీ 1965లో వచ్చింది. అన్నీ కలిపి 5 లక్షలకు పైగా బండ్లు. ఇప్పుడు హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే ఎంజీ బండ్ల ముందు కనిపించే ఎనిమిది పలకల గుర్తు దీనిదే, కాకపోతే యజమానులు మారారు.

టీఆర్6 తయారీ 1968 చివర్లో కోవెంట్రీలో మొదలై 1976లో ఆగింది. ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన పాత టీఆర్ బాడీకి ముందు భాగం, వెనక భాగం మార్చి కొత్త రూపం ఇచ్చింది జర్మనీకి చెందిన కార్మన్ కంపెనీ. 90 వేలకు పైగా తయారైతే, అందులో బ్రిటన్‌లో అమ్ముడైనవి 8 వేల చిల్లర మాత్రమే. మిగతావి ఎగుమతి అయ్యాయి, ఎక్కువగా అమెరికాకి. 1968లో కంపెనీలు కలిసి బ్రిటిష్ లేలండ్ ఏర్పడ్డాక ఈ రెండు బండ్లూ ఒకే గొడుగు కిందికి వచ్చి, ఒకే రకం కొనుగోలుదారుల కోసం పోటీపడ్డాయి.

రోడ్డు మీద

ఎంజీబీలో నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, 95 హార్స్‌పవర్. నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం (సుమారు 97 కిలోమీటర్లు) అందుకోవడానికి 12 సెకన్లు పడుతుంది. గరిష్ఠ వేగం గంటకు 100 మైళ్లు దాటి కొంచెం. ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్ దీన్ని సులువుగా దాటేస్తుంది. కానీ ఈ ఇంజిన్‌లో లాగుడు 3,000 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా దొరుకుతుంది. ఊళ్ల మధ్య వంకర రోడ్ల మీద మూడో గేరులో వేసి వదిలేస్తే మళ్లీ గేరు మీద చెయ్యి వేయకుండా చాలా దూరం పోవచ్చు. నాకు ఆ హాయి చాలు.

టీఆర్6 లెక్క వేరు. 2498 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు. బ్రిటన్ మార్కెట్ కోసం చేసిన తొలి బండ్లలో కార్బ్యురేటర్ బదులు పెట్రోలుని చిమ్మే లూకాస్ కంపెనీ మెకానికల్ పెట్రోల్ ఇంజెక్షన్, 150 హార్స్‌పవర్. 60 మైళ్లకు 8 సెకన్ల పైన కొంచెం, గరిష్ఠ వేగం 120 మైళ్ల దగ్గర. 1970 ప్రాంతంలో ఆ ధరకి ఇది గొప్ప పనితీరు. నా స్నేహితుడి పక్కన కూర్చుని మొదటిసారి వెళ్లినప్పుడు, రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే వెనక సైలెన్సర్లలోంచి వచ్చిన ఆ బొంగురు గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎంజీబీలో అది దొరకదు, ఎన్ని మార్పులు చేసినా దొరకదు.

అయితే టీఆర్6 అన్నవన్నీ 150 హార్స్‌పవర్ బండ్లు కావు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఛాసిస్ నంబరు మొదట్లో ఉండే అక్షరాలు చూడండి. సీపీ అని ఉంటే తొలి ఇంజెక్షన్ బండి. సీఆర్ అని ఉంటే 1973 మోడల్ నుంచి వచ్చిన ఇంజెక్షన్ బండి, దాని లెక్క సుమారు 125 హార్స్‌పవర్. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ని మెత్తబరచడం ఒక కారణం, కొలిచే పద్ధతి మారడం ఇంకో కారణం. అందుకే రోడ్డు మీద తేడా కాగితం మీద ఉన్నంత కనపడదు. పైగా ట్రాఫిక్‌లో సీఆర్ బండే నెమ్మదిగా, కుదురుగా నడుస్తుంది. సీసీ, సీఎఫ్ అక్షరాలుంటే అది అమెరికా కోసం చేసిన కార్బ్యురేటర్ బండి, సుమారు 105 హార్స్‌పవర్. ఇలాంటివి చాలా వెనక్కి తెచ్చి, స్టీరింగ్ కుడివైపుకి మార్చి అమ్ముతున్నారు. అది తప్పేమీ కాదు, పొడి ప్రాంతాల్లో తిరిగినవైతే తుప్పు కూడా తక్కువ ఉంటుంది. కానీ ఇంజెక్షన్ బండి ధర పెట్టి కార్బ్యురేటర్ బండి కొనకండి.

ఎంజీబీలోనూ ఇలాంటి గీత ఒకటుంది. 1974 చివర్లో అమెరికా భద్రతా నియమాల కోసం స్టీలు బంపర్లు తీసేసి నల్ల రబ్బరు బంపర్లు పెట్టారు, బండిని అంగుళానికి పైగా ఎత్తు చేశారు. దాంతో మలుపుల్లో ఊగడం ఎక్కువైంది. 1977 మోడల్‌కి ఆ ఊగుడు తగ్గించే యాంటీ-రోల్ బార్లు మార్చాక కొంత కుదురుకుంది. అమెరికా బండ్లలో అదే కాలంలో ఒకే కార్బ్యురేటర్ పెట్టడంతో శక్తి బాగా పడిపోయింది. అందుకే రబ్బరు బంపర్ బండ్లు చవకగా దొరుకుతాయి. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు అవి వద్దనుకోనక్కర్లేదు, సస్పెన్షన్ దించుకునే కిట్లు దొరుకుతాయి.

హైవే సంగతి. గంటకు 70 మైళ్ల దగ్గర ఎంజీబీ ఇంజిన్ నాలుగో గేరులో దాదాపు 3,900 ఆర్‌పీఎం తిరుగుతుంది. గంటసేపు ఆ మోత భరించడం కష్టం. లేకాక్ ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తిరిగే వేగం తగ్గించే అదనపు గేరు) ఉంటే మీట నొక్కగానే అది 3,200కి దిగుతుంది, అదే బండి వేరే బండిలా మారిపోతుంది. కాబట్టి ఓవర్‌డ్రైవ్ లేని ఎంజీబీ కొనొద్దనే నా సలహా. తర్వాత పెట్టించుకోవచ్చు గానీ ఇంజిన్, గేర్‌బాక్స్ కిందికి దించాల్సిన పని అది. ఇంజెక్షన్ టీఆర్6 ఓవర్‌డ్రైవ్ లేకుండానే అదే వేగంలో సుమారు 3,300 దగ్గర సాగిపోతుంది. దానికి ఓవర్‌డ్రైవ్ ఉంటే మంచిది, లేకపోయినా బండి వదులుకోనక్కర్లేదు.

వెనక సస్పెన్షన్‌లో కూడా ఈ రెండు వేర్వేరు దారుల్లో వెళ్లాయి. ఎంజీబీకి మన అంబాసిడర్‌లాగే గట్టి యాక్సిల్, కమాను పట్టీలు. గుంతలో పడితే ఎగురుతుంది, కానీ ఎప్పుడు ఏం చేస్తుందో ముందే తెలుస్తుంది. టీఆర్6కి వెనక చక్రాలు రెండూ విడివిడిగా కదులుతాయి. మామూలు రోడ్డు మీద మెత్తగా ఉంటుంది. మలుపు మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే మాత్రం వెనక భాగం పక్కకు జరిగినట్టు ఉలిక్కిపడుతుంది. చక్రాల్ని తిప్పే డ్రైవ్‌షాఫ్టుల మీది జారే స్ప్లైన్లు (గాళ్ల జోడింపులు) అరిగి పట్టేసినప్పుడు ఇది ఎక్కువవుతుంది. వాటికి గ్రీజు సరిగా పెట్టి చూడండి, లేదా కొత్త రకం షాఫ్టులు వేయించండి.

పోషణ: అసలు ఖర్చు ఇక్కడే

ఎంజీబీకి నేను చేసే పని చెప్తే మీకే అర్థమవుతుంది. 3,000 మైళ్లకోసారి 20డబ్ల్యూ-50 ఆయిలు, ఫిల్టరు మారుస్తాను. పాత ఇంజిన్లకి జింకు పాలు ఎక్కువ ఉన్న ఆయిలే వాడాలి, లేకపోతే క్యామ్‌షాఫ్ట్ అరుగుతుంది. ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసుల్లాంటి కింగ్‌పిన్నులకి గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టాలి. దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ, తర్వాత కింగ్‌పిన్నులు అరిగి స్టీరింగ్ బిగుసుకుందని బాధపడేదీ వాళ్లే. ఎస్‌యూ కార్బ్యురేటర్ల పైమూత తీసి రెండు చుక్కలు ఆయిల్ వేయాలి. ట్యాపెట్లు (వాల్వుల సందులు) ఏడాదికోసారి సెట్ చేసుకుంటే చాలు, ఎనిమిదే కదా, టీ చల్లారేలోపు అయిపోతాయి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి ఏడేళ్లయింది, ఆ టెన్షన్ పోయింది.

విడిభాగాల విషయంలో ఎంజీబీకి సాటి వచ్చే పాత బండి ప్రపంచంలో తక్కువ. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీ మొత్తం కొత్తగా చేసి అమ్ముతోంది. బాడీయే కొత్తది దొరుకుతుంటే మిగతావాటి గురించి బెంగ అక్కర్లేదు. డోరు రబ్బరు నుంచి క్లచ్ ప్లేటు దాకా ఫోన్ చేస్తే రెండు రోజుల్లో ఇంటికి వస్తాయి. టీఆర్6కీ దాదాపు అన్నీ దొరుకుతాయి, కానీ ధరలు ఎక్కువ. ఆరు సిలిండర్లంటే పిస్టన్లూ ఆరే, వాల్వులూ పన్నెండు, ఇంజిన్ విప్పించిన రోజున బిల్లు ఆ లెక్కలోనే వస్తుంది.

ఇప్పుడు అందరూ భయపడే లూకాస్ ఇంజెక్షన్. ఈ యంత్రానికి ఉన్న చెడ్డపేరులో సగం దానిది కాదు, దాన్ని తెలియకుండా కెలికినవాళ్లది. పనితీరు ఇలా ఉంటుంది. డిక్కీలో ఉన్న ఎలక్ట్రిక్ పంపు పెట్రోలుని 100 పీఎస్ఐకి (టైరు గాలి కొలిచే లెక్కే) పైగా ఒత్తిడితో ముందుకి తోస్తుంది. ఇంజిన్ పక్కనున్న మీటరింగ్ యూనిట్ దాన్ని కొలిచి, ఆరు ఇంజెక్టర్లకి వంతులవారీగా పంపుతుంది. ఎంత కొలవాలో ఇంజిన్ లోపలి వ్యాక్యూమ్ చెప్తుంది. కాబట్టి ట్యాపెట్లు సరిగా లేకపోయినా, గొట్టాల్లో చిన్న గాలి లీకు ఉన్నా కొలత తప్పుతుంది. అప్పుడు తెలియని మెకానిక్ మీటరింగ్ యూనిట్ విప్పుతాడు, అసలు జబ్బు అక్కడ లేకపోయినా. ముందు ట్యాపెట్లు, ఇగ్నిషన్, త్రాటిల్ లింకులు సరిచేసి, ఆ తర్వాతే ఇంజెక్షన్ జోలికి వెళ్లాలి. ఈ వరస పాటించే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి.

అసలైన బలహీనత ఆ పాత పంపు. వేడెక్కితే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. వాడని పెట్రోలు తిరిగి ట్యాంకులోకి వస్తూ దాన్నీ వేడిచేస్తుంది, అందుకే ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. ఒక ఆగస్టులో నా స్నేహితుడూ నేనూ వేల్స్ నుంచి తిరిగొస్తూ ఇలాగే రోడ్డు పక్కన ముప్పావు గంట కూర్చున్నాం. ఆ తర్వాత అతను బాష్ కంపెనీ పంపు వేయించాడు, సగం ట్యాంకు కిందికి దిగనివ్వడం మానేశాడు. మళ్లీ అలా ఆగలేదు. మీరు చూసే బండిలో బాష్ పంపు వేసి ఉంటే దాన్ని మంచి మార్పుగానే లెక్కపెట్టండి.

టీఆర్6 ఇంజిన్‌లో ఇంజెక్షన్ కన్నా భయపడాల్సింది ఇంకోటుంది, దాని గురించి తక్కువ మందికి తెలుసు. ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు. అవి అరిగి ఊడి ఆయిల్ సంపులో పడితే క్రాంక్ నేరుగా బ్లాకుకి రాసుకుంటుంది, బ్లాకు పాడైపోతుంది. పరీక్ష చాలా సులువు. ఒకరిని లోపల కూర్చోబెట్టి క్లచ్ తొక్కమనండి, మీరు ముందు నుంచి క్రాంక్ పుల్లీని చూడండి. తొక్కినప్పుడల్లా పుల్లీ కళ్లకి కనపడేంత జరుగుతుంటే ఆ బండి నడిపి చూడకండి కూడా. ఎర్ర లైటు దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చునే అలవాటున్నవాళ్లు న్యూట్రల్ వేయడం నేర్చుకోవాలి, ఆ వాషర్ల ఆయుష్షు అందులోనే ఉంది.

తుప్పు

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని బలం. డోర్ల కింద పొడుగునా ఉండే సిల్స్ మూడు పొరల రేకుతో కట్టినవి, రోడ్‌స్టర్‌లో బండి బరువు మోసేది ముఖ్యంగా అవే. లోపలి పొరలు తుప్పు పట్టాక పైన కొత్త రేకు అతికించి పెయింటు వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. పైకి అద్దంలా మెరుస్తుంది. డోరు తెరిచి, మూసి చూడండి. డోరుకీ వెనక రెక్కకీ (చక్రం మీది రేకు) మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుము కుంగినట్టే. సిల్స్ పూర్తిగా మార్చే టింకరింగ్ పనికి కొన్నిసార్లు మంచి ఇంజిన్ కన్నా ఎక్కువ అవుతుంది.

టీఆర్6లో డోర్లు, రెక్కలు తుప్పుపట్టినా విప్పి మార్చుకోవచ్చు. ప్రాణం ఛాసిస్‌లో ఉంది. వెనక సస్పెన్షన్ చేతులు బిగించే చోట ఛాసిస్ లోపల నీళ్లు నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. బండి ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో అక్కడ తట్టండి. గట్టి లోహం గణగణమంటుంది, తుప్పుది బొదబొదమంటుంది. డిఫరెన్షియల్‌ని పట్టుకునే పిన్నులు బిగించిన చోట పగుళ్లు వస్తాయి. క్లచ్ వదలగానే వెనక నుంచి టక్కుమని చప్పుడు వస్తే ముందు అక్కడే చూడాలి. ఛాసిస్ బాగుచేయాలంటే బాడీ మొత్తం పైకి లేపాల్సి రావచ్చు. అందుకే ఇంజిన్ బాగోని, ఛాసిస్ బాగున్న టీఆర్6 కొనొచ్చు గానీ, దానికి తిరగేసినది కొనొద్దు.

పెట్రోలు, కాగితాలు

మైలేజ్ కోసం ఎవరూ ఈ బండ్లు కొనరు గానీ తెలిసుండాలి. ఎంజీబీ లీటరుకి 9, 10 కిలోమీటర్లు ఇస్తుంది. ఇంజెక్షన్ టీఆర్6 బాగా ట్యూన్ చేసి ఉంటే 7 పైన. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాల్ని అది పాడుచేస్తుంది, కాబట్టి 5 శాతం ఉండే సూపర్ పెట్రోలే పోయించండి. కొన్న మొదటి వారంలోనే పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చేయండి. 100 పీఎస్ఐ ఒత్తిడితో నడిచే ఇంజెక్షన్ బండిలో ఇది వాయిదా వేసే పని కాదు, లీకైతే నిప్పు అంటుకుంటుంది. సీసం లేని పెట్రోలుకి తగ్గట్టు సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించారా అని కూడా అడగండి.

40 ఏళ్లు దాటిన బండ్లు కాబట్టి రెండిటికీ రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. బండికి పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ అనే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా 2018 మే నుంచి తప్పనిసరి కాదు. హిస్టారిక్ (పాతకాలపు బండి) కింద నమోదై ఉంటే, కాలుష్యం ఎక్కువున్న బండ్ల మీద వేసే లండన్ యూలెజ్ రుసుమూ పడదు. అయినా నేను ఏటా ఎంఓటీ చేయిస్తాను. బ్రేకుల్ని, స్టీరింగ్‌ని నేను కాక ఇంకో మనిషి కూడా కింద నుంచి చూడాలి.

ఎవరికి ఏది

పిల్లలున్న ఇల్లయితే, రెండిటికన్నా ఎంజీబీ జీటీ గురించి ముందు ఆలోచించండి. వెనక చిన్న సీటు ఉంది, వాన పడితే తడవరు, ధర కూడా రోడ్‌స్టర్ కన్నా తక్కువ. రోడ్‌స్టరే కావాలంటే 1967 చివరి నుంచి 1974 దాకా వచ్చిన స్టీలు బంపర్ బండ్లు నాకు ఇష్టం. అన్ని గేర్లకీ సింక్రో (గేరు సాఫీగా పడే ఏర్పాటు) ఉంటుంది, డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉంటుంది. రెండు 6 వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనక దాక్కుని ఉంటాయి, వాటి బదులు ఒకే 12 వోల్టులది పెట్టుకుంటే సరిపోతుంది.

టీఆర్6 అయితే మీకు అరగంట దూరంలో లూకాస్ ఇంజెక్షన్ తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేదో ముందు చూసుకోండి, బండి ఆ తర్వాత. 1970లో మొదలైన టీఆర్ రిజిస్టర్ క్లబ్బులో చేరితే అలాంటివాళ్ల ఆచూకీ తెలుస్తుంది, బండి కొనకముందే చేరొచ్చు. ఎంజీకైతే 1930 నాటి ఎంజీ కార్ క్లబ్, 1973 నాటి ఎంజీ ఓనర్స్ క్లబ్ రెండూ ఉన్నాయి. ధర సంగతి: రెండూ ఒకే స్థితిలో ఉంటే టీఆర్6కి బాగా ఎక్కువ పెట్టాలి. కొనగా మిగిలిన డబ్బుతో పోషించగలరా అన్నది లెక్కేసుకోండి. ఉన్నదంతా పెట్టి టీఆర్6 తెచ్చి షెడ్డులో కవరు కప్పి ఉంచినవాళ్లని చూశాను, చాలా బాధేసింది. ఆ డబ్బుతో మంచి ఎంజీబీ వచ్చేది, ప్రతి ఆదివారం రోడ్డెక్కేది.

మా బావమరిది అంతా విన్నాడు. విని, "అయినా ఆ చప్పుడు వదల్లేను బావా" అన్నాడు. వాడికి జీతం బాగానే ఉంది, వాళ్ల వీధిలోనే పాత ట్రయంఫులు చేసే పెద్దాయన ఉన్నాడు, కాబట్టి కాదనలేదు. ఈ శనివారం ఒక 1973 సీఆర్ బండి చూడ్డానికి వెళ్తున్నాం. అమ్మే ఆయనకి ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పమన్నాను. చల్లటి ఇంజిన్ మొదటి తిప్పుకి ఎలా అందుకుంటుందో, ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎంతసేపటికి లేస్తుందో నా కళ్లతో చూడాలి. టార్చిలైటు, అయస్కాంతం, స్క్రూడ్రైవరు నా సంచిలో ఉన్నాయి. క్లచ్ తొక్కడం వాడి పని, పుల్లీ చూడ్డం నా పని.